పన్నెండో గొర్రె

ఆ వేసవిలో మా ఇంట్లో అందరమూ కరెంటు పోవడం కోసం ఎదురుచూసేవాళ్ళం. నగరం అంచున హెబ్బగోడిలో మిగతా ఇళ్ళవాళ్ళు ఫ్యాను ఆగగానే విసనకర్రలు పట్టుకొని, తిట్టుకుంటూ గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. మేము మాత్రం తలుపులు వేసుకొని, కిటికీకి పరుపు అడ్డం పెట్టుకొని, లోపలే కూర్చునేవాళ్ళం. ఫ్యాను ఆగితేనే గది నిశ్శబ్దమయ్యేది. గది నిశ్శబ్దమైతేనే నాన్న గొంతు రికార్డు చేయడానికి వీలయ్యేది.

అది రెండువేల ఏడు, మార్చి. హోసూరు రోడ్డు మీది ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో వీడియో గేముల తయారీ చదువుతున్నాను, చివరి సంవత్సరం. ఆ చదువు పేరు విన్న చర్చివాళ్ళు ఒకసారి నా ముఖమూ ఒకసారి నాన్న ముఖమూ చూసి, "ఆడుకునేదానికి కూడా డిగ్రీ ఇస్తారా అన్నా?" అని అడిగేవాళ్ళు. నాన్న నవ్వి, "ఇస్తారంట. మన కాలంలో దెబ్బలు ఇచ్చేవాళ్ళు," అనేవాడు.

నాకు మాత్రం అది ఆటగా ఎన్నడూ అనిపించలేదు. పైవంతెన కోసం తవ్విన రోడ్డు, ఆ రోడ్డు దుమ్ము, ఆ దుమ్ములో కదలని బస్సు. చేరాక, తెర మీద ఒక బొమ్మ నాలుగు అడుగులు సరిగా నడవడానికి వారమంతా పట్టేది. అది నడిచిన రోజున మాకు నడిచే ఓపిక ఉండేది కాదు.

చివరి ప్రాజెక్టుకు ముగ్గురం ఒక జట్టు. ప్రోగ్రాము రాసేది తేజస్. కాటన్‌పేటలో తరాలుగా బట్టల టోకు వ్యాపారం చేస్తున్న ఇంటివాడు. బొమ్మలు గీసేదీ, తయారైన ఆటను ఆడి తప్పులు పట్టేదీ సుమ. ఆటను ఊహించి, దానికి మాటలూ చప్పుళ్ళూ సమకూర్చేది నేను. ఆ రోజుల్లో బటన్ల ఫోన్ల కోసమే ఆటలు చేసేవాళ్ళం. బొమ్మలూ శబ్దాలూ అన్నీ కలిపి ఆట మూడు వందల కిలోబైట్లు దాటకూడదు. ఒక పాట కాదు గదా, పాటలో పల్లవికి కూడా చాలని చోటు అది.

మా ఆట పేరు 'మంద'. కొండ మీద మంచు కమ్ముతుంది. పన్నెండు గొర్రెలు చెదిరిపోతాయి. కాపరి పిలుస్తాడు, పిలుపు విన్న గొర్రె ఎక్కడి నుంచో బదులిస్తుంది, ఆ బదులు వచ్చిన దిక్కుకు నడిచి, దాన్ని దొడ్డికి చేర్చాలి. కళ్ళతో కాక చెవులతో ఆడే ఆట. కనుక దానికి ఒక గొంతు కావాలి.

మొదట తేజస్ పిలిచి చూశాడు. సుమ విని, "మెజెస్టిక్, మెజెస్టిక్ అని కండక్టరు అరిచినట్లుండాది గురూ. గొర్రెలు రావు, పాసింజర్లు వస్తారు," అంది.

"అయితే ప్రిస్కిల్లా వాళ్ళ నాన్నను అడుగుదాం. చర్చిలో ఆయనే కదా పాడేది," అన్నాడు తేజస్ నా వైపు చూస్తూ.

నాన్న గొంతు సంగతి అప్పటికి వాళ్ళకు తెలియదు.

నాన్న పేరు నతానియేల్. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. ఆదివారాలు తెలుగు ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆయనే. క్రిస్మస్ నాటి నుంచి ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, చన్నీళ్ళన్నారు. ఫిబ్రవరిలో డాక్టరు లోపలికి గొట్టం వేసి చూసి, గడ్డ అన్నాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. ప్రాణం నిలుస్తుంది, మాట నిలవదు.

మా అమ్మ లీలావతి అదే ఆసుపత్రిలో నర్సు. ఆమెకు ఎవరూ ఏదీ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

"ఈ వారమే అడ్మిట్ అయిపోండి," అంది.

"గుడ్ ఫ్రైడే అయిపోనీ లీలా."

"ఆ గడ్డకు గుడ్ ఫ్రైడే తెలీదు."

"నాకు తెలుసు కదా."

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి మా చర్చిలో ఏడుగురు మాట్లాడతారు. ఐదో మాట ఏటేటా నాన్నది. అమ్మ డాక్టరుతో మాట్లాడి, ఆపరేషనును ఈస్టరు దాటిన వారానికి మార్పించింది. ఇంటికి వచ్చి ఒక నియమం పెట్టింది: అందాకా ఆయన తక్కువ మాట్లాడాలి, పాట అసలే కూడదు.

నాన్న ఆ నియమాన్ని పాటించాడు, ఒక్క మాట విషయంలో తప్ప. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ, లోపల ఎవరుంటే వాళ్ళను అడిగేవాడు: "లీల తినిందా?" డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ ఆకలి మరచి అలాగే పడి నిద్రపోతుందని ఆయనకు తెలుసు. ఆమె ఎదురుగా నిలబడి ఉన్నా సరే, నన్నే అడిగేవాడు. తిన్నదంటే తల ఊపేవాడు. లేదంటే తానే పోయి పళ్ళెం కడిగేవాడు. మా ఇంట్లో ఆ మాట గోడ గడియారం గంట వంటిది. అది మోగుతుందని తెలుసు. మోగినప్పుడు విన్నామో లేదో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆటకు గొంతు కావాలన్న సంగతి నేను ఇంట్లో ఎత్తలేదు. ఒకనాడు సుమ ఫోను చేస్తే నాన్న ఎత్తాడు. ఆమె నోటే విన్నాడు.

"నన్ను అడగలేదేమమ్మా?"

"మాట్లాడకూడదని అమ్మ..."

"ఇన్నేండ్లు చర్చికి ఇస్తిని. బిడ్డ చదువుకు నాలుగు కేకలు ఇయ్యద్దా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అక్కడి నుంచే అమ్మ అంది: "కేకలు కాదు. మెల్లిగా పిలవాల. అది కూడా నేను ఇంట్లో ఉన్నప్పుడే."

తేజస్ తన లాప్‌టాప్ ఇచ్చాడు. మధ్యాహ్నం కరెంటు పోగానే పరుపు కిటికీకి చేరేది. ఉక్కలో అమ్మా నాన్నా నేనూ గోడకు ఆనుకొని కూర్చునేవాళ్ళం. నాన్న మైకు ముందుకు జరగగానే చేతులు కట్టుకొని కళ్ళు మూసుకునేవాడు. మైకన్నది ఆయనకు తెలిసింది ఒక్కచోటే. "స్తోత్రం తండ్రీ" అని మొదలుపెట్టి, నా పరీక్షనూ, తేజస్ లాప్‌టాప్‌నూ, కరెంటు ఆఫీసువాళ్ళనూ దీవించి, ఆ తర్వాతనే గొర్రెను పిలిచేవాడు. పిలిచి "ఆమెన్" అనేవాడు.

"ఆమెన్ వద్దు నాన్నా. గొర్రెను పిలవడం కదా."

"అలవాటమ్మా. మైకు చూస్తే ముందూ వెనకా అవే వస్తాయి. ఏం చేద్దాం?"

"పోనీలే. తర్వాత కోసేస్తాను."

కోయడం మా చదువులో ఒక పాఠం. రికార్డు చేసిన ప్రతి ముక్కకూ తలా తోకా తీసేసి, పనికివచ్చే శబ్దాన్ని మాత్రమే ఉంచాలి. అందుకొక ప్రోగ్రాము ఉండేది. అది నిశ్శబ్దం ఎక్కడుందో వెతుకుతుంది. దొరికిన చోట తెగ్గోస్తుంది. ప్రార్థనలు పోయేవి. దగ్గులు పోయేవి. "మంచినీళ్ళియ్యమ్మా," "బాగొచ్చిందా," "మీ అమ్మకు కూడా పెట్టు, విననీ" అన్నవన్నీ పోయేవి. పచ్చి రికార్డింగులు చోటు తింటాయి కనుక, కోసిన వెంటనే తేజస్ వాటిని లాప్‌టాప్‌లోంచి తీసేసేవాడు. మాకు నేర్పిన పద్ధతి అదే.

ఆ పిలుపులు వీధికి ఎలా వినిపించాయో గాని, ఇంటి ఓనరు ఈరమ్మ ఒకనాడు మెట్లెక్కి వచ్చింది.

"ఏం సిస్టరూ, మేకలేమన్నా తెచ్చి పెట్టినారా పైన? బాడిగకు ఇచ్చేటప్పుడే చెప్పింటిని, కోళ్ళు కూడా వద్దని."

"మేకలు లేవమ్మా. ఆయన పిలుస్తాండాడు, అంతే," అంది అమ్మ.

"లేని మేకల్నా?"

"కంప్యూటర్లో ఉండాయంట."

ఈరమ్మ లాప్‌టాప్ కేసి చూసింది. పరుపు వెనకకు తొంగి చూసింది. నమ్మకం కుదరకుండానే దిగిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వు నాకు గుర్తున్నది ఆ ఒక్కసారే.

చివరకు ఒక్క ముక్క మిగిలింది. పన్నెండో గొర్రె కూడా దొడ్డి చేరాక, తడిక వేస్తూ కాపరి అనే మాట: "అందరూ వచ్చినారు. పడుకోండి ఇంక." నాన్న అది చెబుతుండగానే కరెంటు వచ్చింది. నెత్తిన ఫ్యాను గరగరమని తిరగసాగింది. మళ్ళీ ఒకసారి చెప్పమని అడగబోయి ఆయన ముఖం చూశాను. చెమటతో తడిసి, కళ్ళు మూసుకొని ఉన్నాడు. అడగలేదు. నేను ఇయర్‌ఫోను వైరు చుడుతుంటే ఆయన గుమ్మం వైపు తిరిగి ఏదో అన్నాడు. నేను తల ఊపి, లాప్‌టాప్ మూశాను.

గుడ్ ఫ్రైడే నాడు ఐదో మాట ఆయనే చెప్పాడు. దాహం గురించిన మాట అది. మైకు ఎంత దగ్గరకు జరిపినా గొంతు నాలుగో వరుస దాటలేదు. వెనకవాళ్ళు ముందుకు వంగి విన్నారు. అమ్మ వినలేదు; ఆయన మెడ మీది నరాన్ని చూస్తూ కూర్చుంది.

ఆపరేషను అయ్యాక, మెడ కింద ఒక రంధ్రంతో, దాని మీద గాజుగుడ్డతో, నాన్న ఇంటికి వచ్చాడు. ఆయన ఊపిరి ఇక అక్కడి నుంచే. మరో రకంగా మాట్లాడడం కొన్ని నెలలు పోయాక నేర్పుతామన్నారు. అంతవరకూ ఉంటుందని ఒక పలక కొన్నాం. ఆయన దాని మీద అవసరమైనవే రాసేవాడు. నీళ్ళు. కిటికీ. మాత్ర. ఫ్యాక్టరీ నుంచి ఎవరొచ్చారు. 'లీల తినిందా' అని మాత్రం ఎన్నడూ రాయలేదు. సుద్దముక్క పట్టుకొని రాసేంత పెద్ద విషయం కాదనుకున్నాడేమో.

అమ్మ ఆసుపత్రిలో ఎవరెవరి గాయాలో శుభ్రం చేసి వచ్చి, ఇంట్లో ఆయన గాయం శుభ్రం చేసేది. నేను తెర మీది గొర్రెలను దులిపి వచ్చి, ఇల్లు దులిపేదాన్ని. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ ఏడవలేదు; అంత శక్తి ఎవరికీ మిగల్లేదు. అమ్మ చాలా రోజులు తినకుండానే పడుకునేది. నాకది తెల్లవారి గిన్నెలు తోమేటప్పుడు తెలిసేది.

ఒక సాయంత్రం చర్చివాళ్ళు పంపిన క్యాసెట్టు పెట్టాను. నాన్న ఎప్పుడో పాడిన పాటలు. ఆయన నిద్రలో ఉన్నాడు. అమ్మ మొదటి పాట సగం విని, లేచి ఆపేసింది.

"బాగలేదా అమ్మా?"

"బాగుండాది. అది చర్చి గొంతు, అందరిదీ." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు ఇంట్లో గొంతు కావాల. దాన్ని ఎవరు రికార్డు చేసి పెట్టుకుంటారులే."

మరునాడు లాబ్‌లో, ఫ్యాను చప్పుడు పడిన ఆ చివరి ముక్క తప్ప, పిలుపుల ఫైళ్ళన్నీ తెరిచి విన్నాను. పిలుపులున్నాయి, తలా తోకా లేని, శుభ్రమైన పిలుపులు. అన్నీ గొర్రెలకు చెప్పినవే. మాకు చెప్పిన మాట ఒక్కటీ లేదు.

"పచ్చి రికార్డింగులు ఏమైనా మిగిలినాయా?" అని తేజస్‌ను అడిగాను.

"ఎప్పుడో తీసేస్తినే. ఎందుకు?"

"ఊరికే."

మే నెలలో, ఆటను అప్పగించే ముందురోజున, సుమ చందాపుర బస్సు దిగి నేరుగా లాబ్‌కు వచ్చింది. సంచి కూడా దింపకుండా, "మీరిద్దరూ ఈ గేమును ఎప్పుడన్నా పూర్తిగా ఆడినారా?" అని అడిగింది.

ఆడలేదు. పరీక్షించేటప్పుడు మేము ఒక దొంగదారి బటను నొక్కి, కావలసిన దశకు దూకేవాళ్ళం. గేములు చేసేవాళ్ళు అందరూ చేసే పనే అది.

"నేను ఆడినా, నిన్నంతా కూచొని. పన్నెండోది వచ్చింది. తడిక పడింది. అందరూ వచ్చినారు, పడుకోండి అన్నాడు. సరేలే అని ఫోను పక్కన పెడతాంటే, ఏదో గరగర. ఆ గరగరలో మళ్ళీ మాట్లాడతాండాడు. లీల తినిందా అంటాడు. మా అక్క ఉలిక్కిపడింది. ఎవరప్పా ఈ లీల? మన గొర్రెల్లో ఆ పేరు లేదే."

తేజస్ అప్పటికే ఫైలు తెరిచాడు. "తోక తెగలేదు దీనికి. ఫ్యాను తిరుగుతాండాది కదా, ప్రోగ్రాముకు నిశ్శబ్దం దొరకలేదు, మొత్తం ఉంచేసింది. పదకొండు కిలోబైట్లు మింగింది చూడు. నేను రెండు కిలోబైట్ల కోసం కొండ మీద గడ్డి పీకేస్తి." తెర మీద బాణం గుర్తు తోక మొదటికి పోయి నిలిచింది.

"ఉండనీ," అన్నాను.

"ఏంది?"

"దాన్ని ఉండనీ తేజస్."

"ఉండనీ అంటే ఎట్ల? మన గైడు మునినారాయణప్ప సార్ రూలు తెలుసు కదా, తెలిసీ వదిలిన తప్పుకు మార్కులు కట్. రేపు పరీక్షకు వచ్చేది కంపెనీ మనిషి. పైగా ఇంకా సూచనలు పెట్టాల, దానికి చోటు లేదు."

"లీల మా అమ్మ."

ఆపరేషను సంగతి అప్పటికి వాళ్ళిద్దరికీ తెలుసు. తేజస్ చేయి మౌసు మీదనే ఉండిపోయింది. కొంతసేపటికి ఇయర్‌ఫోను తీసి నా వైపు జరిపాడు. నేను తీసుకోలేదు. అప్పుడు విని ఉంటే ఆ రోజు పని ముగిసేది కాదు.

"చోటు?" అంది సుమ.

"మన పేర్ల స్క్రీను తీసేస్తా. వెనక బొమ్మతో కలిపి చాలానే ఉండాది అది." తేజస్ మా ఇద్దరినీ చూడకుండా అన్నాడు. "ఎవరు చదువుతారప్పా దాన్ని. సుమ్నే, ఊరికే ఉండాది."

ఆ బొమ్మ సుమ గీసినది. ఆ ప్రాజెక్టులో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ. సంచి దించి కుర్చీలో కూర్చుని, "నేనేమీ వినలేదు. విన్నింది మా అక్క," అంది.

పరీక్షకు వచ్చిన కంపెనీ మనిషి మొండివాడు. మూడు గొర్రెలతో విసుగుపుట్టి ఆపేస్తాడనుకున్నాం, పన్నెండూ తోలాడు. తడిక పడింది. నాన్న గొంతు చెప్పవలసినది చెప్పి, గరగరల నడుమ అడగవలసినది అడిగింది.

"ఇదేమిటి, మిగిలిపోయిన ముక్కా?"

మునినారాయణప్ప సార్ మా ముగ్గురినీ వరసగా చూశారు.

"కాదు సార్," అన్నాడు తేజస్. "మంద ఇల్లు చేరింది కదా. కాపరీ చేరినాడు. చేరినాక ఇంటామె తినిందా అని అడుగుతాండాడు."

"కొండ మీద ఫ్యాను తిరుగుతోందే?" అన్నాడు కంపెనీ మనిషి.

"కరెంటొచ్చింది సార్."

ఆయన నవ్వలేదు. మార్కులు తగ్గాయి. ఆ కంపెనీ ఆ ఏడు మా తరగతి నుంచి ఇద్దరిని తీసుకున్నది. ఆ ఇద్దరిలో తేజస్ లేడు. అందుకు కారణం ఆ ముక్కేనా అని నేను అడగలేదు. అతను చెప్పలేదు, ఇప్పటికీ.

ఆటను ఎక్కించిన పాత ఫోనును నాన్న చేతిలో పెట్టాను. మొదటి గొర్రెను పిలిచినప్పుడు ఆయన తన గొంతు విని, ఫోను స్పీకరు మీద బొటనవేలు అదిమి పట్టుకున్నాడు. చాలాసేపటికి తీశాడు. మళ్ళీ పిలిచాడు. వేళ్ళు ఆ చిన్న బటన్లకు అలవాటు పడలేదు. కొన్నాళ్ళు ఆయన మంద సగం కూడా ఇల్లు చేరలేదు.

జూన్‌లో, వాన పడి వెలిసిన ఒక సాయంత్రం, అమ్మ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నది. నాన్న కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలోంచి ఫ్యాను గరగరలు వినిపించాయి. ఆ తరువాత:

"లీల తినిందా?"

అమ్మ ఒక చెప్పు విప్పి, ఒకటి విప్పక, గోడ పట్టుకొని నిలబడిపోయింది. నన్ను చూసింది. ఫోనును చూసింది. నాన్న తల ఎత్తలేదు.

"ఇంకా లేదని చెప్పు," అంది నాతో.

నాన్న ఫోను పక్కన పెట్టి, లేచి, పళ్ళెం కడగడానికి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి అది మళ్ళీ మా ఇంటి మాటయింది. కాని ఆ ఒక్క మాట అడగాలంటే ఆయన పన్నెండు గొర్రెలనూ వెతికి తోలుకురావాలి. దొంగదారి బటను చూపించబోతే నా చేతిని మెల్లగా పక్కకు జరిపాడు. అమ్మ బస్సు వేళకు ముందే కొండెక్కేవాడు. కొన్ని రోజులు మంచు దట్టంగా ఉండేది. వేళ్ళు తడబడేవి. దగ్గు వచ్చి ఆట ఆగేది.

అటువంటి ఒక సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, మెట్ల మలుపులో అమ్మ నిలబడి ఉంది. భుజాన సంచి అలాగే ఉంది. గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పైన మా తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నాన్న గొంతు ఎవరినో పిలుస్తున్నది.

"ఇక్కడ నిలబడినావేంటమ్మా?"

అమ్మ చేయెత్తి నన్ను ఆపింది. తల పక్కకు వాల్చి వింటూ, "ఉండు," అంది. "ఇంకొకటి రావాల."